పిల్లలకు షుగరు – కిడ్నీలకు ముప్పు



ఈ రోజు మాట షుగరు జబ్బు గురించి. దీన్నే చక్కెర జబ్బు అంటారు. మధుమేహం అని కూడా అంటారు.

"షుగరు పెద్దవాళ్ల జబ్బు. పిల్లలకెందుకు వస్తుంది?" అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పిల్లలకూ వస్తుంది. పడుచువాళ్లకూ వస్తుంది. చిన్న వయసులో వచ్చిన షుగరు కిడ్నీలను తొందరగా పాడు చేస్తుంది. 30 ఏళ్లు నిండకముందే కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు.

ఈ సంగతి లోకానికి ఎలా తెలిసింది? అమెరికా దేశంలో ఒక ఏటి ఒడ్డున బతికే ఆదివాసుల వల్ల తెలిసింది. ముందు వాళ్ల కథ వినండి. తరువాత మీ ఇంటి పిల్లల సంగతి ఆలోచించండి.

ఏటి మనుషులు

అమెరికాలో అరిజోనా అనే రాష్ట్రం ఉంది. అది ఎండలు మండే సీమ. వానలు తక్కువ. అక్కడ హీలా అనే ఏరు ఉంది. ఆ ఏటి ఒడ్డున ఉండే ఆదివాసులను పీమాలు అంటారు. వాళ్ల భాషలో వాళ్ల పేరుకు 'ఏటి మనుషులు' అని అర్థం.

పీమాలు మంచి రైతులు. ఏటి నుంచి కాలువలు తవ్వుకున్నారు. మొక్కజొన్న, చిక్కుళ్లు, గుమ్మడి, పత్తి పండించారు. తరువాత గోధుమ కూడా పండించారు. ఏటిలో చేపలు పట్టారు. సర్కారు తుమ్మ జాతి చెట్టు ఒకటి అక్కడ ఉంది. దాని కాయలను దంచి పిండి చేసుకుని తినేవాళ్లు. పొద్దున లేచింది మొదలు ఒళ్లు వంచి పని చేసేవాళ్లు.

1849లో బంగారం కోసం వేలమంది తెల్లవాళ్లు ఆ దారిన పోయారు. ఎడారిలో ఆకలితో వచ్చిన వాళ్లకు పీమాలు తిండి పెట్టారు. గోధుమలు అమ్మారు. అంటే వాళ్ల దగ్గర పెట్టడానికి ఉంది. అమ్ముకోవడానికీ ఉంది.

ఆ తరువాత ఏమైంది? ఏటికి ఎగువన కొత్తవాళ్లు వచ్చి స్థిరపడ్డారు. కాలువలు తవ్వి నీటిని మళ్లించుకున్నారు. దిగువన ఉన్న పీమాల పొలాలు ఎండిపోయాయి. 1890ల నాటికి కరువు వచ్చింది. పదిమందికి పెట్టిన చేతులు ఖాళీ అయ్యాయి.

1930లో ఎగువన కూలిడ్జ్ ఆనకట్టను ప్రారంభించారు. అయినా పీమాల పొలాలకు సరిపడా నీళ్లు రాలేదు. పంట పోయింది. పంటతో పాటు పాత తిండి పోయింది. ప్రభుత్వం తిండి సామాను పంచింది. ఏం పంచింది? తెల్లని మర పిండి, పంది కొవ్వు, పంచదార. ఆ పిండిని కొవ్వులో వేయించి రొట్టెలు చేసుకున్నారు. కడుపు నిండింది. కానీ ఒంటికి కావలసిన తిండి అది కాదు. పొలం పని కూడా తగ్గిపోయింది.

1900 ప్రాంతంలో పీమాల్లో షుగరు జబ్బు చాలా అరుదు. 1965లో అమెరికా ప్రభుత్వ డాక్టర్లు అక్కడ పెద్ద పరిశీలన మొదలు పెట్టారు. 5 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరినీ రెండేళ్లకు ఒకసారి పరీక్షకు పిలిచారు. ఆ పని 40 ఏళ్లకు పైగా సాగింది. 35 ఏళ్లు దాటిన పీమాల్లో దాదాపు సగం మందికి షుగరు ఉందని తేలింది.

అప్పటికి లోకంలో ఎక్కడా ఒక జనంలో అంత షుగరు చూడలేదు.

పిల్లలకూ వచ్చింది

డాక్టర్లు పిల్లలను కూడా పరీక్ష చేశారు కదా! అక్కడ ఇంకో సంగతి బయటపడింది. పెద్దవాళ్లకు వచ్చే రకం షుగరు బడి పిల్లలకు కూడా వస్తున్నది. ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతున్నది. 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 20 ఏళ్ల కాలంలో ఇది దాదాపు రెట్టింపు అయింది.

ఇక్కడ ఒక మాట తెలుసుకోవాలి. షుగరులో ముఖ్యంగా రెండు రకాలు ఉన్నాయి.

మొదటి రకం ఎక్కువగా పిల్లలకు వస్తుంది. ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు. ఈ పిల్లలకు రోజూ ఇన్సులిన్ సూది వేయాలి. సూది ఆపితే ప్రాణం పోతుంది. ఏ పసరు మందు కోసమూ సూది ఆపకూడదు.

రెండో రకంలో ఇన్సులిన్ తయారవుతుంది. కానీ ఒళ్లు దాన్ని సరిగా వాడుకోలేదు. ఇది పూర్వం పెద్దవాళ్లకే వచ్చేది. ఇప్పుడు పిల్లలకూ వస్తున్నది. పీమా పిల్లలకు వచ్చింది ఈ రెండో రకమే.

ఏ రకమైనా సరే, అదుపు తప్పితే కిడ్నీలను తింటుంది.

కిడ్నీలు ఏం చేస్తాయి?

కిడ్నీలు రెండు. నడుముకు కాస్త పైన, వీపు వైపు, అటొకటి ఇటొకటి ఉంటాయి. చిక్కుడు గింజ ఆకారంలో, పిడికిలి అంత ఉంటాయి. వీటినే మూత్రపిండాలు అంటారు.

కిడ్నీల పని రక్తాన్ని వడకట్టడం. ఒక్కొక్క కిడ్నీలో దాదాపు 10 లక్షల సన్న జల్లెడలు ఉంటాయి. రక్తం వాటి గుండా పోతుంది. మలినం, ఎక్కువైన నీరు మూత్రంలో బయటకు పోతాయి. మంచి పదార్థం రక్తంలోనే ఉండిపోతుంది.

మీరు టీ వడకడతారు. వడపోత బాగుంటే పిప్పి పైన ఉంటుంది. వడపోతకు చిరుగు పడితే ఏమవుతుంది? పిప్పి కప్పులోకి దిగుతుంది. కిడ్నీలోనూ అంతే. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ సన్న జల్లెడలు దెబ్బతింటాయి. అప్పుడు రక్తంలో ఉండవలసిన మాంసకృత్తులు మూత్రంలోకి కారిపోతాయి. ఆ మాంసకృత్తి పేరు అల్బుమిన్. బీపీ కూడా ఎక్కువైతే జల్లెడలు ఇంకా తొందరగా పాడవుతాయి.

అప్పుడు నొప్పి పుడుతుందా? పుట్టదు. జ్వరం వస్తుందా? రాదు. మూత్రం ఆగిపోతుందా? ఆగదు. మనిషి మామూలుగా తిరుగుతూనే ఉంటుంది. లోపల కిడ్నీ పాడవుతూనే ఉంటుంది. ముఖం ఉబ్బి, కాళ్లు వాచి, వాంతులు పట్టుకుని, ఆయాసం వచ్చేనాటికి చాలా వరకు కిడ్నీ పోయి ఉంటుంది.

కిడ్నీలు పూర్తిగా పోతే రెండే దారులు. ఒకటి డయాలసిస్. అంటే మిషను మీద రక్తం శుద్ధి చేయడం. మామూలుగా వారానికి 3 సార్లు చేయాలి. ప్రతిసారీ 4 గంటలు పడుతుంది. రెండోది, ఇంకొకరి కిడ్నీ పెట్టించుకోవడం. రెండూ కష్టమే.

పడుచు వయసులో డయాలసిస్

ఇప్పుడు మళ్లీ పీమాల దగ్గరకు వద్దాం. 2006లో డాక్టర్లు ఒక లెక్క బయట పెట్టారు. షుగరు 20 ఏళ్ల లోపు వచ్చినవాళ్లను ఒక పక్క పెట్టారు. 20 ఏళ్లు దాటాక వచ్చినవాళ్లను ఒక పక్క పెట్టారు. 25 నుంచి 54 ఏళ్ల వయసులో కిడ్నీలు పూర్తిగా పోవడం ఎవరిలో ఎక్కువ అని చూశారు. చిన్నప్పుడే షుగరు వచ్చినవాళ్లలో అది దాదాపు 5 రెట్లు ఎక్కువ.

ఎందుకు? లెక్క చాలా తేలిక. ఒక మనిషికి 50 ఏళ్లకు షుగరు వచ్చింది అనుకోండి. కిడ్నీ దెబ్బతినడానికి 15, 20 ఏళ్లు పడితే ఆ మనిషికి అప్పుడు 65, 70 ఏళ్లు. అదే షుగరు 12 ఏళ్ల పిల్లకు వస్తే? ఆ పిల్లకు 27, 32 ఏళ్లు. అది పిల్లలను కనే వయసు. పెంచే వయసు. కూలికి, కొలువుకు పోయే వయసు. ఆ వయసులో మిషను మీద పడుకోవలసి వస్తుంది.

ఇది పీమాల బాధ మాత్రమే కాదు. అమెరికాలో రెండో రకం షుగరు ఉన్న 10 నుంచి 17 ఏళ్ల పిల్లలను, అన్ని జాతుల వాళ్లనూ, 2004 నుంచి డాక్టర్లు గమనిస్తూ వచ్చారు. ఆ లెక్క 2021లో వచ్చింది. అప్పటికి ఆ పిల్లల సగటు వయసు 26 ఏళ్లు. నూటికి 55 మందికి కిడ్నీలలో దెబ్బ కనిపించింది. నూటికి 67 మందికి బీపీ వచ్చింది. అందరి కిడ్నీలూ పోయాయని కాదు. జల్లెడకు చిరుగు పడడం మొదలైందని అర్థం. కెనడా దేశంలో మానిటోబా రాష్ట్రపు ఆదివాసీ పిల్లల్లో కూడా ఇదే కష్టం ఉంది.

తప్పు ఎవరిది?

పిల్లకు షుగరు వచ్చిందంటే ఇంట్లో ఏమంటారు? "తల్లి సరిగా పెంచలేదు" అంటారు. "ఆ పిల్ల తిండిపోతు" అంటారు. "వాళ్ల వంశమే అంత" అంటారు.

ఈ మాటలకు పీమాల కథలోనే జవాబు ఉంది. మెక్సికో దేశంలోని కొండల్లో కూడా పీమాలు ఉన్నారు. వాళ్లూ వీళ్లూ ఒకే జాతి. ఒకే రక్తం. కొండల్లోని పీమాలు సొంతంగా పండించుకున్న మొక్కజొన్న, చిక్కుళ్లు తిన్నారు. చేతులతో కష్టం చేశారు. 1995లో డాక్టర్లు అక్కడి పెద్దవాళ్లను పరీక్ష చేశారు. నూటికి 7 మందికే షుగరు ఉంది. అమెరికాలో నీళ్లు పోగొట్టుకున్న పీమాల్లో నూటికి 38 మందికి ఉంది.

రక్తం ఒకటే. బతుకు వేరు. నీళ్లు పోయాయి. పంట పోయింది. తిండి మారింది. పని మారింది. జబ్బు వచ్చింది. వంశంలో కొంత ఉండవచ్చు. కానీ తప్పంతా తల్లి మీద వేయడం అన్యాయం.

గర్భంలోనే జాగ్రత్త

పీమా ఆడవాళ్లను చూసి డాక్టర్లు ఇంకొకటి నేర్చుకున్నారు. గర్భంతో ఉన్నప్పుడు షుగరు ఉన్న తల్లుల పిల్లలు పెరిగి 20 నుంచి 24 ఏళ్ల వాళ్లు అయ్యేనాటికి నూటికి 45 మందికి షుగరు వచ్చింది. తల్లికి షుగరు లేకపోతే నూటికి ఒకరికో ఇద్దరికో వచ్చింది.

ఇది తల్లిని తిట్టడానికి చెప్పే మాట కాదు. గర్భిణికి పరీక్ష చేయించాలి అని చెప్పే మాట. గర్భిణికి గ్లూకోజు నీళ్లు తాగించి, 2 గంటల తరువాత రక్తం పరీక్ష చేస్తారు. మొదటిసారి ఆసుపత్రికి పోయినప్పుడు ఒకసారి చేయాలి. 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయాలి. ఏఎన్ఎం అమ్మను అడగండి. "గ్లూకోజు పరీక్ష అయిందా?" అని అడగడం మీ హక్కు. షుగరు ఉంటే తిండితో, మందుతో అదుపు చేస్తారు. బిడ్డకు మేలు జరుగుతుంది.

జబ్బును ఆపవచ్చు

ఇంతవరకు భయం మాట విన్నారు. ఇప్పుడు ధైర్యం మాట వినండి.

1996లో అమెరికా ఆదివాసుల్లో షుగరు వల్ల కిడ్నీలు పోయేవాళ్లు చాలా ఎక్కువ. 2013 నాటికి అది సగానికి పైగా తగ్గింది. అంతకుముందు 100 మందికి పోయే చోట 46 మందికే పోయింది.

ఎలా తగ్గింది? మాయ ఏమీ లేదు. షుగరు ఉన్నవాళ్లకు మూత్రం పరీక్ష చేశారు. బీపీ అదుపులో పెట్టారు. కిడ్నీని కాపాడే మాత్రలు ముందుగానే ఇచ్చారు. డాక్టరు, నర్సు, తిండి గురించి చెప్పే మనిషి, ఊరి కార్యకర్త అందరూ కలిసి పని చేశారు. రోగి వచ్చే దాకా చూస్తూ కూర్చోలేదు.

జపాన్ దేశంలో ఇంకో మంచి పని చేస్తున్నారు. బడి పిల్లలు ఏటా మూత్రం సీసా తీసుకుని బడికి వస్తారు. 1992 నుంచి ఆ మూత్రంలో చక్కెర ఉందా అని కూడా చూస్తున్నారు. జబ్బు లక్షణాలు రాకముందే చాలామంది పిల్లల్లో షుగరు పట్టుకుంటున్నారు.

మీ ఊళ్లో సంగతి

భారతదేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని 2023లో లెక్క తేలింది. ఆంధ్రలోనూ, తెలంగాణలోనూ ఏఎన్ఎంలు, ఆశాలు ఇంటింటికీ వచ్చి బీపీ, షుగరు చూస్తున్నారు. కానీ ఆ పరీక్ష పెద్దవాళ్ల కోసం పెట్టింది. 14 ఏళ్ల పిల్లను ఎవరు చూస్తారు? ఇంట్లోవాళ్లే చూసుకోవాలి. మీరే అడిగి చేయించాలి.

ఉద్దానం మాట కూడా చెప్పుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ. కానీ అది వేరు. అక్కడ షుగరు లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయి. కాబట్టి "మాది ఉద్దానం కాదు, మాకు కిడ్నీ జబ్బు రాదు" అనుకోవద్దు. షుగరు ఎక్కడ ఉంటే అక్కడ కిడ్నీకి ముప్పు ఉంది.

పిల్లల్లో ఈ గుర్తులు చూడండి.

ఎక్కువ దాహం వేయడం. మాటిమాటికీ మూత్రానికి పోవడం. పక్క తడపడం మానిన పిల్ల మళ్లీ పక్క తడపడం. తింటున్నా చిక్కిపోవడం. ఎప్పుడూ నీరసంగా ఉండడం.

లావుగా ఉన్న పిల్లలకు మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా అవుతుంది. తల్లులు మురికి అనుకుని గట్టిగా రుద్దుతారు. అది మురికి కాదు. రుద్దితే పోదు. ఆ పిల్లకు షుగరు పరీక్ష చేయించాలి.

షుగరు ఉన్న పిల్లలకు ఏం చేయాలి?

ఒకటి. ఏడాదికి ఒకసారి మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించాలి. దాంతో పాటు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. రెండో రకం షుగరు అయితే జబ్బు తెలిసిన రోజునే మొదలు పెట్టాలి. మొదటి రకం అయితే మామూలుగా 5 ఏళ్ల తరువాత మొదలు పెడతారు. అల్బుమిన్ 30 లోపు ఉంటే మంచిది. 30 దాటితే జల్లెడకు చిరుగు మొదలైందేమో చూడాలి. మళ్లీ పరీక్ష చేసి డాక్టరు తేలుస్తారు.

రెండు. బీపీ చూపించాలి. "పిల్లలకు బీపీ ఏమిటి?" అనుకోవద్దు.

మూడు. మందు మానకూడదు. మూడు నెలల షుగరు చెప్పే రక్త పరీక్ష ఉంది. దాని అంకె 7 లోపు ఉంటే మేలు. అందరికీ ఒకే అంక కుదరదు. మీ బిడ్డకు ఎంత ఉండాలో డాక్టరును అడగండి.

నాలుగు. ఒళ్లు నొప్పులకు కొట్లో మాత్రలు కొని మింగవద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీలకు చెడు చేస్తాయి. పేరు తెలియని బూడిదలు, భస్మాలు వద్దు.

ఐదు. ఇంట్లో రంగు నీళ్ల సీసాలు, బిస్కెట్లు తగ్గించండి. పప్పు, ఆకుకూర, కూరగాయ పెంచండి. పిల్లలను ఆడుకోనివ్వండి. ఆడపిల్లను కూడా ఆడుకోనివ్వండి. షుగరు పిల్లకు ఒక్కదానికే వేరే వంట చేయవద్దు. ఇంటిల్లిపాదీ అదే తినండి. ఆ తిండి అందరికీ మంచిది.

ఆడపిల్ల – పెళ్లి – మందు

ఒక ఆడపిల్లకు 13 ఏళ్లకు షుగరు వచ్చింది అనుకోండి. ఇంట్లోవాళ్లు బయటకు చెప్పరు. "తెలిస్తే పెళ్లి కాదు" అంటారు. 20 ఏళ్లకు పెళ్లి చేస్తారు. అత్తవారింట్లో మందు ఎలా వేసుకుంటుంది? దాచి వేసుకుంటుంది. కొన్నాళ్లకు మానేస్తుంది. పరీక్షకు పోదు. లోపల కిడ్నీ పాడవుతుంది. నెల తప్పాక ఎప్పుడో కాళ్లు వాస్తాయి. అప్పుడు పరుగెత్తుతారు.

జబ్బును దాచవచ్చు. కానీ కిడ్నీ పాడవడం దాచితే ఆగదు. దాచడం వల్ల ఆ పిల్ల చేతిలో ఉన్న సమయం పోతుంది. సంబంధం మాట్లాడే రోజునే నిజం చెప్పండి. మందుతో, పరీక్షలతో ఆ పిల్ల అందరిలా బతుకుతుంది. చదువుకుంటుంది. పని చేస్తుంది. పిల్లలను కంటుంది.

ఇంకొక ముఖ్యమైన మాట. కిడ్నీని కాపాడడానికి ఇచ్చే ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్రలు గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి. పిల్లలు కావాలనుకుంటే ముందే డాక్టరుకు చెప్పాలి. నెల తప్పితే వెంటనే చెప్పాలి. వేరే మాత్ర ఇస్తారు. సొంతంగా అన్ని మందులూ మానకూడదు.

నీళ్లు తిరిగి వచ్చాయి

పీమాల కథ చివర ఏమైంది? వాళ్లు ఏళ్ల తరబడి తమ నీటి కోసం పోరాడారు. కోర్టులకు పోయారు. 2004లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి వాళ్ల నీటి వాటా ఒప్పుకుంది. నీళ్లు పోయిన వంద ఏళ్ల తరువాత ఆ హక్కు దక్కింది. ఆ పొలాల్లో మళ్లీ పంటలు పండుతున్నాయి. పాత చిక్కుళ్లు మళ్లీ వేస్తున్నారు.

పోయిన నీటిని తిరిగి తెచ్చుకోవచ్చు. పూర్తిగా పోయిన కిడ్నీని తిరిగి తెచ్చుకోలేరు. అందుకే ముందే చూసుకోవాలి.

అక్కలారా, చెల్లెళ్లారా! ఇప్పుడు మీకు చదువు వచ్చింది. పరీక్ష కాగితం చేతికి ఇస్తే మడిచి పెట్టెలో పెట్టవద్దు. చదవండి. అల్బుమిన్ ఎంత? క్రియాటినిన్ ఎంత? బీపీ ఎంత? పోయిన ఏడాది ఎంత? ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాయండి. అంకె పెరిగితే మీకే తెలుస్తుంది. డాక్టరు చెప్పే వరకు ఆగవలసిన పని లేదు. మీరే అడగవచ్చు.

ఒక్క మూత్రం పరీక్ష. ఏడాదికి ఒక్కసారి. బిడ్డ కిడ్నీ నిలబడడానికి అదే మొదటి మెట్టు.

చదివారు కదా! ఇప్పుడు కలిసి మాట్లాడుకోండి.

1. పీమాలకు పూర్వం లేని షుగరు తరువాత ఎందుకు వచ్చింది?
2. కిడ్నీ పాడవుతున్నా మొదట్లో ఎందుకు తెలియదు?
3. మీ వీధిలో షుగరు ఉన్న పిల్లలు, పడుచువాళ్లు ఉన్నారా? వాళ్లు ఈ ఏడాది మూత్రం పరీక్ష చేయించుకున్నారా?
4. ఆడపిల్లకు షుగరు ఉంటే దాచడం మంచిదా? చెప్పడం మంచిదా? ఎందుకు?